స్మిత్ అనే ఇంటిపేరు ఐరిష్‌వాళ్ళకి ఉంటుందా? మా మామయ్యగారి కోసం అడుగుతున్నాను

లాలాగూడ_కోడలు:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంటిపేర్ల మీద జరిగిన చర్చలు చాలా చదివాను, ఆ ధైర్యంతోనే అడుగుతున్నాను. నాది తెనాలి. మావారు సికింద్రాబాద్ ఆంగ్లో ఇండియన్, లాలాగూడ రైల్వే కుటుంబం. ఇంటిపేరు స్మిత్. మా మామయ్యగారికి 84 ఏళ్ళు. ఆయన తాతగారు చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని "మనం ఇంగ్లీషువాళ్ళం కాదురా, ఐరిష్‌వాళ్ళం" అని పదేపదే చెప్పేవారట. కానీ బయట ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళట. స్మిత్ అంటే అచ్చమైన ఇంగ్లీషు పేరు కదా అని.

మా దగ్గరున్న ఆధారం ఒక్కటే. ఒక పాత ప్రార్థన పుస్తకం వెనక అట్ట లోపల మామయ్యగారి ముత్తాత గురించి రెండు లైన్లు రాసి ఉన్నాయి: పుట్టింది వర్జీనియాలో, 1836లో, ఉద్యోగం మద్రాస్ ఫ్యూజిలియర్స్‌లో. వర్జీనియా అని చూసి మావారి కజిన్స్ అందరూ "అయితే మనం అమెరికన్లం" అని తేల్చేశారు. మామయ్యగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ మధ్య ఆరోగ్యం అంత బాగుండటం లేదు, రోజూ ఇదే మాట ఎత్తుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

గోదారి_గాలి:
నాకు తెలిసినంతవరకు ఓ'బ్రయన్, మెకార్తీ లాంటివే ఐరిష్ పేర్లు. ముందు ఓ గానీ, మాక్ గానీ ఉండాలి కదా? స్మిత్ అంటే కమ్మరి. ఇంగ్లండ్‌లో ఊరికో కమ్మరి ఉండేవాడు, అందుకే అంతమంది స్మిత్‌లు. పైగా వర్జీనియా అని స్పష్టంగా రాసి ఉంది. మీ కజిన్స్ మాటే నిజమేమో అనిపిస్తోంది అక్కా.

డబ్లిన్‌లో_బాపట్ల:
ఆగండి ఆగండి! వర్జీనియా ఐర్లండ్‌లో కూడా ఉంది!! కావన్ కౌంటీలో చిన్న టౌను. డబ్లిన్ నుంచి ఎన్3 రోడ్డు మీద కావన్ వెళ్తుంటే మధ్యలో తగులుతుంది, కారులో గంటన్నర లోపే. పక్కనే లాఖ్ రామర్ అని పెద్ద సరస్సు. నేను ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి అక్కడికి వెళ్ళాను కూడా. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌ను 'వర్జిన్ క్వీన్' అనేవాళ్ళు కదా, ఆ పేరు మీదే అమెరికా వర్జీనియా, ఈ వర్జీనియా రెండూ వచ్చాయి.

ఇంకో సంగతి. మా ఆఫీసులో కావన్ నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురుంటే అందులో ఒకాయన స్మిత్, ఇద్దరు రైలీలు. ఆ స్మిత్‌ని మీరు ఇంగ్లీషువాడా అని అడిగితే ఊరుకోడు.

పాతకాగితాలు:
అమ్మా, మీ మామయ్యగారి తాతగారు చెప్పింది నిజమయ్యే అవకాశం చాలా ఎక్కువ. బాపట్ల తమ్ముడు కావన్ పేరు ఎత్తగానే నాకు ప్రాణం లేచొచ్చింది. స్మిత్ ఇంటిపేరుకి ఐర్లండ్ మొత్తం మీద పెట్టింది పేరు కావన్.

కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఐరిష్ భాషలో కమ్మరిని 'గౌ' అంటారు. రాసేటప్పుడు మధ్యలో 'భ' లాంటి అక్షరాలు రాస్తారు గానీ పలకరు. 'మాక్ గౌన్' అంటే కమ్మరి కొడుకు. మాక్ అంటే కొడుకు, ఓ అంటే మనవడు లేదా వంశీకుడు. ఈ మాక్ గౌన్‌లు బ్రేఫ్నె అనే పాత రాజ్యంలో పేరున్న కుటుంబాల్లో ఒకటి. తూర్పు బ్రేఫ్నె ఓ'రైలీలది, పడమటి బ్రేఫ్నె ఓ'రూర్క్‌లది. తూర్పు భాగమే దాదాపు ఇవాళ్టి కావన్ కౌంటీ, పడమర లీట్రిమ్. తర్వాత శతాబ్దాల్లో ఇంగ్లీషు పాలన వేళ్ళూనుకున్నాక లీట్రిమ్ వైపు వాళ్ళు పలుకుబడిని పట్టుకుని మెక్‌గవన్ అయ్యారు. కావన్ వాళ్ళు అర్థాన్ని పట్టుకుని స్మిత్ అయ్యారు. ఒకే పేరు రెండు దారుల్లో వెళ్ళింది.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 1465లోనే ఒక చట్టం చేశారు. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్ కౌంటీల్లో ఇంగ్లీషువాళ్ళ మధ్య బతికే ఐరిష్‌వాళ్ళు ఇంగ్లీషు ఇంటిపేరు పెట్టుకోవాలని. ఏ పేర్లు పెట్టుకోవచ్చో కూడా అందులోనే చెప్పారు: ఏదైనా ఊరి పేరు, లేకపోతే తెలుపు నలుపు లాంటి రంగు పేరు, లేకపోతే స్మిత్, కార్పెంటర్ లాంటి పనిపేరు, లేకపోతే కుక్, బట్లర్ లాంటి కొలువు పేరు. కావన్ ఆ నాలుగు కౌంటీల్లో లేదు, ఆ చట్టం వల్లే మీవాళ్ళు మారారని నేను అనను. కానీ పేరుని అనువాదం చేసుకోవడం ఎంత పాత అలవాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

1890లో నమోదైన జననాల్ని లెక్కగట్టి రాబర్ట్ మాథెసన్ అనే రిజిస్ట్రార్ ఐర్లండ్ ఇంటిపేర్ల పట్టిక తయారుచేశాడు. మర్ఫీ, కెల్లీ, సల్లివన్, వాల్ష్, ఆ తర్వాత ఐదో స్థానం స్మిత్‌ది. ఓ'బ్రయన్ కూడా దాని తర్వాతే. గోదారి_గాలి గారూ, ఓ, మాక్ లేకపోతే ఐరిష్ కాదనుకోవద్దు. 17, 18 శతాబ్దాల్లో కొట్లాటలన్నీ ఓడిపోయి, భూములు పోయి, అవి చాలామంది పేర్ల ముందు నుంచి రాలిపోయాయి. 1890ల్లో ఐరిష్ భాషా ఉద్యమం మొదలయ్యాక కొంతమంది మళ్ళీ తగిలించుకున్నారు.

గోదారి_గాలి:
అయ్యో, తెలియక అన్నాను. క్షమించండి అక్కా. ఒక డౌటు. పేరుని అనువాదం చేసుకోవడం మనకి అలవాటు లేదు కదా. మన ఏలూరుని ఎల్లోర్ అనీ, కాకినాడని కొకనాడ అనీ తెల్లవాళ్ళు రాసుకున్నారు గానీ అర్థం మార్చలేదు. అక్కడ అర్థం కూడా మార్చేశారా?

పాతకాగితాలు:
రెండూ జరిగాయి. గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నవే ఎక్కువ, మన ఎల్లోర్ లాగే. అనువాదం చేసినవీ ఉన్నాయి. తప్పుడు అనువాదాలు కూడా ఉన్నాయి, అవి నాకు బాధ కలిగిస్తాయి. పడమటి ఐర్లండ్‌లో కానమారా వైపు మాక్ కన్రీ అనే పేరుంది. చివర 'రీ' అని వినబడుతుంది. ఐరిష్‌లో 'రీ' అంటే రాజు. అంతే, దాన్ని కింగ్ అని రాసేశారు. ఓ కనీన్ అనే పేరుని రాబిట్ చేశారు, 'కనీన్' అంటే కుందేలు కాబట్టి. ఒక కుటుంబం వెయ్యేళ్ళుగా మోసుకొచ్చిన పేరు ఒక గుమాస్తా కలం కింద అలా మారిపోయింది. ఐర్లండ్‌లో వంశపారంపర్య ఇంటిపేర్లు యూరప్‌లో చాలాచోట్ల కంటే ముందే మొదలయ్యాయి. 916లో చనిపోయిన ఒక ప్రభువుని వాళ్ళ చరిత్ర పుస్తకాల్లో ఓ క్లేరీ అనే ఇంటిపేరుతోనే రాశారు.

రైల్వేక్వార్టర్స్:
కోడలు గారూ, నేను కూడా లాలాగూడ వాణ్ణే. 41 ఏళ్ళు రైల్వేలో చేసి రిటైరయ్యాను. మీ మామగారు నాకు తెలిసే ఉంటారు, పేరు అడగను లెండి.

మద్రాస్ ఫ్యూజిలియర్స్ గురించి చెప్తాను. అది ఈస్ట్ ఇండియా కంపెనీ సొంత యూరోపియన్ పటాలం. కంపెనీ తన సిపాయిల కోసం ఐర్లండ్‌లో విపరీతంగా రిక్రూట్ చేసేది, ముఖ్యంగా కరువు తర్వాత. 1845 నుంచి 1852 దాకా బంగాళాదుంప పంట కుళ్ళిపోయి సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలిపోయారు. 1836లో పుట్టినవాడికి ఆ కరువు మొదలైనప్పుడు తొమ్మిదేళ్ళు. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి కంపెనీ ఉద్యోగం తప్ప దారి కనబడి ఉండదు.

ఆ పటాలం కథ వింటే ఆశ్చర్యపోతారు. కంపెనీ పోయాక 102వ రెజిమెంట్ అయింది. 1881లో దాన్ని రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో మొదటి బెటాలియన్ చేశారు. మన మద్రాసులో పుట్టిన పటాలం చివరికి డబ్లిన్ పేరు పెట్టుకుంది. 1922లో ఐర్లండ్ స్వతంత్రమయ్యాక రద్దు చేశారు.

మీరు సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళే ఉంటారు. 1840లో ఆ కట్టడం మొదలుపెట్టిన ఫాదర్ డేనియల్ మర్ఫీ కూడా ఐరిష్‌ ఆయనే, కార్క్ కౌంటీ. తర్వాత హైదరాబాద్ బిషప్ అయ్యి, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో హోబర్ట్‌కి వెళ్ళారు. కంటోన్మెంట్‌లో ఐరిష్ కాథలిక్ సిపాయిలు అంతమంది ఉండేవాళ్ళు. మీవాళ్ళు కాథలిక్కులా, ప్రొటెస్టెంట్లా? అది ముఖ్యం.

లాలాగూడ_కోడలు:
కాథలిక్కులే అంకుల్. ఆ ప్రార్థన పుస్తకం కూడా కాథలిక్కులదే. మీ అందరి పోస్టులు మామయ్యగారికి తెలుగులోనే చదివి వినిపించాను. 'మాక్ గౌన్' అనే చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. నాలుగుసార్లు చదివించుకున్నారు.

పాతకాగితాలు:
కాథలిక్ అన్నది మంచి సూచన, అయినా రుజువు అనుకోకండి. 1610 ప్రాంతంలో ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో భూములు లాక్కుని ఇంగ్లండ్, స్కాట్లండ్ నుంచి మనుషుల్ని తెచ్చి స్థిరపరిచారు. కావన్ కూడా అందులో ఉంది. ఆ వచ్చినవాళ్ళలోనూ స్మిత్‌లు ఉన్నారు. ఉత్తరాన ఆంట్రిమ్, డౌన్ కౌంటీల స్మిత్‌లలో చాలామంది స్కాట్లండ్ వాళ్ళే. కాబట్టి పేరు ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. ఊరు తెలియాలి. ఐర్లండ్‌లో వెతుకులాట అంతా ఊరి దగ్గరే తేలుతుంది. వాళ్ళకి కౌంటీ కింద బారనీ, దానికింద పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), దానికింద టౌన్‌లాండ్. టౌన్‌లాండ్ అంటే మన పల్లెలో ఒక పేట అంత. మొత్తం దేశంలో అరవై వేలకు పైగా ఉన్నాయి.

న్యూజెర్సీ_చిన్నోడు:
మా పక్కింటి వాళ్ళు ఐరిష్ అమెరికన్లు. వాళ్ళు ఒక వెబ్‌సైట్‌లో ఇంటిపేరు కొడితే వంశచిహ్నం, దాని చరిత్ర, ఫ్రేము కట్టి పంపారు. రెండొందల డాలర్లు. మామయ్యగారికి పుట్టినరోజు గిఫ్ట్‌గా అదైతే తేలిక కదా? లేదా డీఎన్ఏ టెస్ట్ చేయించండి, అన్నీ బయటపడతాయి.

పాతకాగితాలు:
బాబూ, ఆ ఫ్రేముకి ఒక్క రూపాయి పెట్టొద్దు. వంశచిహ్నం అనేది ఇంటిపేరుకి ఇచ్చేది కాదు, ఒక మనిషికి ఇచ్చేది, ఆయన వారసులకి వెళ్ళేది. అదే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన వేరే కుటుంబానికి దానిమీద హక్కు రాదు. ఐర్లండ్‌లో ఇది చూడటానికి 1943 నుంచి ఛీఫ్ హెరాల్డ్ అనే అధికారి ఉన్నారు. ఆ పదవిలో మొదటివాడు ఎడ్వర్డ్ మెక్‌లైసా. ఐరిష్ ఇంటిపేర్ల మీద ఆయన చేసిన పనినే ఇవాళ్టికీ అందరూ ముందు తిరగేస్తారు. కావన్ స్మిత్‌లలో ఎక్కువమంది మాక్ గౌన్‌లేనని ఆయన కూడా రాశాడు.

డీఎన్ఏ సంగతి వేరు. అందులో తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష ఉంటుంది. ఇంటిపేరు కూడా అదే దారిలో వస్తుంది కాబట్టి పనికొస్తుంది. మామయ్యగారి పరీక్ష కావన్ స్మిత్‌లతోనో మెక్‌గవన్‌లతోనో కలిస్తే అది బలమైన ఆధారం. కానీ కాగితాలు వెతికిన తర్వాతే అది.

లాలాగూడ_కోడలు:
నాకు ఒక టెన్షన్ ఉంది. ఐర్లండ్‌లో రికార్డులన్నీ కాలిపోయాయని ఎక్కడో చదివాను. మరి మాకేమైనా మిగిలి ఉంటుందా?

పాతకాగితాలు:
చాలా కాలిపోయాయి, నిజమే. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలిపోయి తగలబడింది. కాలిన కాగితాలు ఊరంతా ఎగిరిపడ్డాయి. 1821, 1831, 1841, 1851 జనాభా లెక్కలు దాదాపు పూర్తిగా బూడిదయ్యాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కొరత అని గుజ్జు చేసేశారు. పూర్తిగా మిగిలినవి 1901, 1911 మాత్రమే.

కానీ అమ్మా, ఆ 1821 లెక్కల్లో కొన్ని ముక్కలు బతికాయి. అన్నిటికంటే ఎక్కువగా బతికిన చోట్లలో కావన్ ఒకటి. పదహారు పారిష్‌ల పుస్తకాలు ఉన్నాయి. అందులో లర్గన్ ఒకటి. వర్జీనియా టౌను ఉన్నది లర్గన్ పారిష్‌లోనే! అందులో ఇంటింటికీ మనుషుల పేర్లు, వయసులు, వృత్తి, ఇంటిపెద్దతో వరస, ఎన్ని ఎకరాలు, ఇంటికి ఎన్ని అంతస్తులు అన్నీ ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. మీ ముత్తాతగారు అప్పటికి పుట్టలేదు, కానీ ఆయన తండ్రి అందులో ఉండొచ్చు.

ఇప్పుడు చేయాల్సిన వరస ఇది. ముందు ఇండియా వైపు మొదలుపెట్టండి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పంపిన జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, సమాధుల ప్రతులు అందులో ఎన్-2 అనే వరసలో ఉంటాయి. చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ అనే సైట్‌లో పెట్టారు. నెల చందా కట్టాలి. మద్రాసు పటాలాల సిపాయి రిజిస్టర్లు కూడా ఆ ఆఫీసు రికార్డుల్లోవే, ఎల్-మిల్-11 వరస. సిపాయి పెళ్ళి కాగితంలో తండ్రి పేరు దొరికితే అదే తాళంచెవి. అది పట్టుకుని ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ సైట్‌లో లర్గన్ కాథలిక్ పారిష్ పుస్తకాలు చూడండి. 2015లో దాదాపు అన్ని పారిష్‌లవీ ఉచితంగా పెట్టేశారు. పడమటి కౌంటీల్లో చాలా పుస్తకాలు 1820ల తర్వాతే మొదలవుతాయి, కావన్‌లో మాత్రం కొన్ని 1750ల నుంచే ఉన్నాయి. 1864 నుంచి అయితే ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లే ఉన్నాయి గానీ మీ పనికి అవి ఆలస్యమైపోయాయి.

స్పెల్లింగు పట్టుకుని వేలాడకండి. స్మిత్, స్మైత్, గవన్, మెక్‌గవన్, మగవన్, ఓ'గవన్, అన్నీ చూడండి. రాసింది పాదిరి. చెప్పినవాళ్ళకి చదువు రాదు.

రైల్వేక్వార్టర్స్:
ఒక మాట కలుపుతాను. మనలో తాత పేరు మనవడికి పెట్టినట్టే వాళ్ళలోనూ వరస ఉండేది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. అందరూ తప్పకుండా పాటించారని కాదు గానీ మా ఇంట్లో మూడు తరాలు అలాగే నడిచింది. సిపాయిగారి పిల్లల పేర్లు రాసుకోండి.

లాలాగూడ_కోడలు (నెలన్నర తర్వాత):
అందరికీ ముందుగా నమస్కారాలు. చాలా రాయాలి, చేతులు వణుకుతున్నాయి.

మావారు నేను రాత్రిళ్ళు కూర్చుని వెతికాం. ముందు సికింద్రాబాద్ పెళ్ళి దొరికింది, 1864. వరుడు స్మిత్, పెన్షనర్ అని రాసి ఉంది. తండ్రి పేరు ఉంది. తర్వాత పిల్లల జ్ఞానస్నానాలు ఐదు దొరికాయి. అంకుల్ చెప్పినట్టే, పెద్దకొడుక్కి ఆ తండ్రి పేరే పెట్టారు. రెండో కూతురి పేరు రాసి పెట్టుకున్నాం.

ఆ తర్వాత లర్గన్ పుస్తకం. పేజీలు నల్లగా ఉన్నాయి, సిరా కారిపోయింది, ఒక్కో పేజీకి పావుగంట పట్టింది. 1836లో మా సిపాయి పేరుతో ఒక జ్ఞానస్నానం ఉంది. తండ్రి పేరు సరిపోయింది. తల్లి పేరు సికింద్రాబాద్‌లో రెండో కూతురికి పెట్టిన పేరే.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. అదే తల్లి, అదే తండ్రి, 1834లో ఇంకో బిడ్డ. అక్కడ పాదిరి స్మిత్ అని రాయలేదు. గవన్ అని రాశారు. రెండేళ్ళ తర్వాత మావాడి దగ్గరికి వచ్చేసరికి స్మిత్. 1839లో ఇంకో ఆడపిల్ల, మళ్ళీ గవన్. ఒకే ఇల్లు!

నేను మామయ్యగారికి ఫోన్‌లో పేజీ పెద్దది చేసి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక మా అబ్బాయిని పిలిచి, పలక మీద ఆ పేరు రాయమన్నారు. తెలుగులో.

పాతకాగితాలు:
అమ్మా, కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళుగా ఇవి చూస్తున్నాను, ఒకే ఇంట్లో రెండు పేర్లూ పక్కపక్కన ఇంత శుభ్రంగా దొరకడం అరుదు. అయినా చాదస్తం కొద్దీ ఒక మాట. ఆ ప్రాంతంలో స్మిత్‌లు లెక్కలేనంత మంది, ముందుపేర్లు కూడా ఆ పది పదిహేనే తిరుగుతుంటాయి. 1834, 1836, 1839 మూడింట్లో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు చూశారా? వాళ్ళలో ఎవరైనా మళ్ళీ వస్తే ఇంకేం సందేహం ఉండదు. ఎక్కువగా పినతండ్రులు, మేనత్తలే జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడేవాళ్ళు.

లాలాగూడ_కోడలు:
చూశాను సార్. 1834లోనూ 1836లోనూ జ్ఞానమాత ఒకరే. ఆవిడ ఇంటిపేరు 1834లో గవన్, 1836లో స్మిత్!

పాతకాగితాలు:
అయితే ఆవిడ మేనత్త అయి ఉంటుంది. నా తరఫున మామయ్యగారికి చెప్పండి, ఆయన తాతగారి మాట నిలబడిందని.

ఇంకా రెండు పనులు మిగిలాయి. 1821 లెక్కల్లో ఆ తండ్రి కుర్రవాడుగా ఏ టౌన్‌లాండ్‌లో ఉన్నాడో చూడండి. తర్వాత 1847 నుంచి 1864 దాకా రిచర్డ్ గ్రిఫిత్ తయారుచేయించిన భూమి శిస్తు పట్టీలో అదే టౌన్‌లాండ్‌లో స్మిత్‌లు ఎవరైనా కౌలుకున్నారేమో చూడండి. ఆ పట్టీకి మ్యాపులు కూడా ఉంటాయి, ఇల్లు ఏ మూల ఉందో తెలుస్తుంది. కరువు తర్వాత పేరు మాయమైతే దాని అర్థం మీకే తెలుస్తుంది.

గోదారి_గాలి:
అక్కా, ఆడవాళ్ళ పేర్లు ఐరిష్‌లో ఎలా ఉంటాయి? మీ పేరు ఏమవుతుంది?

పాతకాగితాలు:
మంచి ప్రశ్న. కొడుకు మాక్ గౌన్. పెళ్ళికాని కూతురు 'నిక్ గౌన్'. కోడలు 'విక్ గౌన్'. కోడలికి వాళ్ళ భాషలో వేరే రూపమే ఉంది.

డబ్లిన్‌లో_బాపట్ల:
విక్ గౌన్ గారూ, వచ్చే ఆదివారం నేను ఖాళీ. వర్జీనియా వెళ్ళి లర్గన్ పాత శ్మశానంలో స్మిత్‌ల రాళ్ళు అన్నీ ఫోటోలు తీసి పంపుతాను. టౌన్‌లాండ్ పేరు దొరికితే శనివారం లోపు చెప్పండి, ఆ రోడ్డు దాకా కూడా వెళ్తాను. ఇంకేం కావాలో మామయ్యగారిని అడగండి.

లాలాగూడ_కోడలు:
అడిగాను తమ్ముడూ. రాళ్ళు ఎన్ని ఉన్నా పర్లేదు, ఆ సరస్సు ఫోటో ఒకటి పెద్దగా తీయమన్నారు. ఒడ్డున నిలబడి ఊరివైపు చూస్తూ తీయాలట.